సున్నా తగిలేదాకా

సీ భాషలో స్ట్రింగ్ పొడవు కొలవడం రెండు వరుసల పని: సున్నా బైట్ తగిలేదాకా లెక్కపెట్టుకుంటూ పోవడమే. యూటీఎఫ్-8లో "కడప" ఇస్తే 9 అంటుంది, "కర్నూలు"కు 21. తెలుగు సంకేతానికి 3 బైట్లు మరి!

పనితనమంతా వేగం దగ్గరే. 8తో భాగించబడే చిరునామా దాకా ఒక్కో బైటే నడిచి, అక్కణ్ణుంచి ఎనిమిదేసి ఒకే సంఖ్యగా చదవాలి. దాంట్లోంచి బైటుకో 1 చొప్పున తీసేసి, పాత సంఖ్య బిట్లను తిరగేసి దానితో యాండ్ చేసి, బైటుకో పై బిట్టు మాత్రమే ఉంచాలి. ఏమైనా మిగిలిందా, సున్నా ఆ ఎనిమిదింటిలోనే ఉంది. అలా సరిహద్దు చూసుకుని చదివితే మెమరీ పేజీ దాటి పడిపోం. సీ ప్రమాణం మాత్రం, స్ట్రింగ్ దాటి చూడటాన్ని ఒప్పుకోదు. అందుకే అన్ని యంత్రాలకూ పనికొచ్చే ఆ రెండు వరుసల్నీ పక్కన ఉంచుకునేవాడే నా దృష్టిలో పనివాడు. ఇడుపులపాయ, కర్నూలు ట్రిపుల్ ఐటీల పిల్లలు రెండూ రాసి చూడాలి.