బతుకమ్మ నడుమ మైకు

సూరత్ పాలిస్టర్ చీర వెనక తెలంగాణ చేతుల శ్రమ చాలా ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు ఎప్పుడో బతుకుదెరువు కోసం సూరత్ వెళ్లి, లింబాయత్ చుట్టుపక్కల సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తూ అక్కడే స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ అక్కడ బతుకమ్మ ఆడతారు. ఊరి నుంచి పాటలను నోటనే మోసుకొచ్చిన తరం పెద్దదైపోయింది. వాళ్ల గొంతులను ఇంట్లోనే రికార్డు చేసుకోవడం ఇప్పుడు ఎవరికైనా చేతనయ్యే పని. అయితే కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కొన్నేళ్లకు పడే బాధ ఒకటుంది: పాట దొరికింది, పాడిన తీరు జారిపోయింది.

ఆ తీరు ఏమిటో ముందు చూడాలి. ఒకామె చరణం ఎత్తుకుంటుంది. మిగతావాళ్లు ఉయ్యాలో అనో, కోలో అనో, చందమామ అనో అందుకుంటారు. ఆమె చివరి అక్షరం ఇంకా నోట్లో ఉండగానే గుంపు అందుకుంటుంది, గుంపు ముగించకముందే ఆమె తర్వాతి చరణంలోకి వెళ్తుంది. ఈ అతుకులోనే బతుకమ్మ పాట ఊపిరంతా ఉందని నా నమ్మకం. పాడే ఆమెను ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి గొంతు తీసుకుని, కోరస్‌ను మరోరోజు విడిగా తీసి కలిపితే ఆ అతుకు తెగిపోతుంది. పదాలన్నీ ఉంటాయి, ఒకరి కోసం ఒకరు కాచుకోవడం ఉండదు.

ఆడేవాళ్లు తిరుగుతూ ఉంటారన్నది రెండో సంగతి. మైకును వలయం బయట ఒకచోట పెడితే ఎత్తుకునే ఆమె దగ్గరికొచ్చినప్పుడు గొంతు గట్టిగా, అవతలి వైపు వెళ్లినప్పుడు పలచగా వినిపిస్తుంది. మధ్యలో, బతుకమ్మ పక్కన, ఛాతీ ఎత్తులో పెట్టి చూడండి. తిరిగే ప్రతి గొంతూ మైకుకు ఇంచుమించు ఒకే దూరంలో ఉంటుంది. అన్ని వైపుల నుంచీ సమానంగా వినే ఓమ్ని మైకు ఇక్కడ సరిపోతుంది, ఒకే దిక్కున వినే కార్డియాయిడ్ పనికిరాదు. గౌరమ్మ ఉన్నచోట స్టాండు పెట్టేముందు పెద్దమ్మలను అడగాలి. అడిగితే వాళ్లే జరిగి చోటిస్తారు, అడక్కుండా పెడితే పాట బిగుసుకుపోతుంది.

లెవెల్‌ను గొంతును బట్టి పెట్టకూడదు, చప్పట్లను బట్టి పెట్టాలి. పదిమంది ఒక్కసారి చరిస్తే ఆ శబ్దం గొంతుకన్నా ఎంతో ఎత్తుకు లేస్తుంది. ఆ ఎత్తు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా చూసుకుంటే నిశ్చింత. గొంతు తక్కువగా వచ్చిందనే భయం అక్కర్లేదు. 24 బిట్ రికార్డింగుకు సిద్ధాంతరీత్యా 144 డెసిబెళ్ల వ్యాప్తి ఉంది, 16 బిట్‌కు 96. చిన్నగా వచ్చిన గొంతును తర్వాత పెంచుకోవచ్చు, చిట్లిన శబ్దాన్ని మాత్రం బాగుచేయలేం. ఫోనుతో ఇంకో చిక్కుంది. చాలా ఫోన్లలో మామూలు రికార్డర్ లెవెల్‌ను తనంతట తానే సర్దుతుంది, చప్పట్టు పడగానే గొంతును కిందికి నొక్కేస్తుంది. లెవెల్‌ను చేత్తో పెట్టుకోనిచ్చి, వేవ్ ఫైలు ఇచ్చే యాప్ వాడితే ఆ బెడద తప్పుతుంది.

సూరత్‌కే ఉన్న ఇబ్బంది శరన్నవరాత్రులు. అమావాస్య నాడు బతుకమ్మ మొదలైతే మర్నాటి నుంచే గర్బా. రాత్రిళ్లు స్పీకర్ల దెబ్బ గోడలు దాటి వస్తుంది. అది లేనప్పుడు సాంచాల చప్పుడు. గదిలో చీరలు వేలాడదీస్తే శబ్దం ఆగుతుందనుకుంటారు చాలామంది. పలచటి పాలిస్టర్ బట్ట గాజుపెంకుల్లాంటి పై శబ్దాలను కొద్దిగా తగ్గిస్తుందేమో గానీ కింది శబ్దాల దగ్గర చేతులెత్తేస్తుంది. వంద హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. దాన్ని పీల్చుకోవాలంటే మందం మీటరుకు దగ్గరగా ఉండాలి. దూది పరుపులు, బొంతలు, గోడకు వరుసగా పేర్చిన బట్టల మూటలు గది ప్రతిధ్వనిని బాగానే అణుస్తాయి. బయటి చప్పుడును మాత్రం ఏ బట్టా ఆపదు, వేళ మార్చుకోవడమే దారి. అమావాస్య నాటి సాయంత్రం, గర్బా ఇంకా మొదలుకాని ఆ ఒక్క పూట, ఆట రికార్డింగుకు అన్నిటికన్నా మంచిది. పాట వెనక సాంచా సన్నగా వినిపిస్తే నేనైతే తుడవను. ఆ పాట ఏ ఊళ్లో, ఏ పని నడుమ బతికిందో అదీ చెబుతుంది.

ఇంట్లో రికార్డు చేసేవాళ్లకు ఎక్కువ నష్టం తెచ్చేది తర్వాతి దశ, బాగుచేయడం. అందులో మొదటిది క్లిక్ (తాళం కొట్టే మెట్రోనోమ్ చప్పుడు) పెట్టి దాని మీద పాడించడం. బతుకమ్మ పాట నెమ్మదిగా మొదలై అడుగుతోపాటు ఊపందుకుంటుంది, క్లిక్ ఆ ఊపును కట్టేస్తుంది. ఆ తర్వాత ఆటోట్యూన్. 1997లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ గొంతును దగ్గరి స్వరస్థానానికి లాగుతుంది. శ్రుతిపెట్టె లేకుండా ఎత్తుకున్న పాట పావుగంటలో కొంచెం పైకో కిందికో జరగడం సహజం. గుంపంతా కలిసే జరుగుతుంది కాబట్టి వినేవాళ్లకు తప్పు అనిపించదు. దాన్ని సరిచేస్తే స్వరం నుంచి స్వరానికి జారే ఆ వంపు పోతుంది. ఆపైన దరువు, కీబోర్డు. ఇవన్నీ కలిపి అసలు రికార్డింగును చెరిపేసినవాళ్లు పాడినామె పోయాక ఎంత వెతుక్కున్నా ఆ గొంతు వెనక్కి రాదు. ఇష్టమైతే ఎన్ని వాయిద్యాలైనా కలుపుకోండి, అసలు ఫైలు మాత్రం ముట్టుకోకండి.

ఇంట్లో తీసిన అసలు రికార్డింగు విలువకు ఒక ఉదాహరణ ఉంది. 1982 జనవరిలో అమెరికాలోని న్యూజెర్సీలో రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన పడకగదిలో టియాక్ పోర్టాస్టూడియో అనే నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద కొన్ని పాటలు నమూనాగా పాడుకున్నాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో మళ్లీ ప్రయత్నించారు. చివరికి ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా బయటికొచ్చింది ఆ ఇంటి క్యాసెట్టే.

రికార్డింగులో పాడినామె పేరు చెప్పించడం చాలామంది మరిచిపోతారు. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఒక్కో రికార్డులో సుమారు మూడు నిమిషాలే చోటు. అందులోనూ ఆమె చివర తన పేరు చెబుతుంది, జర్మనీలో రికార్డులు అచ్చొత్తేవాళ్లకు ఎవరి పాటో తెలియాలని. మనకు మూడు నిమిషాల ఇరుకు లేదు. పాట మొదట్లో పాడే ఆమె పేరు, పుట్టినూరు, అత్తగారి ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె నోటనే చెప్పించాలి. మధ్యలో చరణం మరిచిపోతే పక్కామె అందిస్తుంది. “అట్ల కాదే అక్కా” అని ఇంకొకామె దిద్దుతుంది. ఎడిట్ చేసేటప్పుడు ముందు కత్తిరించేది ఇవే. నా దృష్టిలో పాటతో సమానంగా దాచాల్సినవీ ఇవే, ఒకే పాట ఏ ఊళ్లో ఎట్లా నడిచిందో ఈ దిద్దుబాట్లలోనే బయటపడుతుంది.

ఇక దాచడం. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే కుదించుకుపోయే ప్రమాదం ఉంది, డాక్యుమెంటుగా పంపాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో గంట రికార్డింగుకు సుమారు 1 జీబీ అవుతుంది. ఈ రోజుల్లో అది పెద్ద బరువేం కాదు. ఫోనులో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, వేరే ఊళ్లోని చుట్టాలింట ఇంకొకటి ఉంచుకోవాలి. 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న ఏఆర్‌సీఈ (ఆర్కైవ్స్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఫర్ ఎత్నోమ్యూజికాలజీ) మన దేశపు సంగీత రికార్డింగులను దాచే భాండాగారం. అలాంటి చోటుకు ఇవ్వాలనుకుంటే, ఎవరెవరు వినవచ్చో పాడినామెను అడిగి రాయించుకున్న కాగితం వెంట ఉండాలి. ఒక ప్రతి ఆమె ఇంటికీ చేరాలి, ఆమె మనవరాలి ఫోనులో తెరుచుకునే రూపంలో.