ఆకలి – మనస్సు

బరువు తగ్గబూని మధ్యలో మానివేసినవారిని మనోబలము లేనివారని నిందించుట పరిపాటి. ఆన్సెల్ కీస్ ప్రభృతులు 1950లో రెండు సంపుటములుగా ప్రకటించిన ‘ది బయాలజీ ఆఫ్ హ్యూమన్ స్టార్వేషన్’ చదివినవారు ఆ మాట అనుటకు జంకుదురు. మిన్నెసోటా విశ్వవిద్యాలయములో 1944-45లో 36 మంది యువకులకు 24 వారములు అర్ధాహారము పెట్టగా, వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గెను. స్థిరచిత్తులని ఏరికోరి తీసికొన్న ఆ యువకులే దిగులు, చిరాకులకు లోనైరి. కొందరు వంటల పుస్తకములు ముందు వేసికొని కూర్చుండిరి! దిగులు తిండిని చెరచుటయే కాదు, తిండి తగ్గుట కూడ దిగులును పుట్టించునని గ్రంథము చూపిన తీరు మెచ్చదగినది.

అయితే వారందరును పురుషులే, స్థూలకాయులును కారు. యుద్ధమున ఆకలికి చిక్కినవారికి తిరిగి తిండి పెట్టు పద్ధతి తెలిసికొనుటకు చేసిన ప్రయోగమిది. సంసారపు చింత, నిద్రలేమి కలవారికి తీపిపై మనసు పోవుట ఎట్టిదో ఇందులో వెదకి లాభము లేదు. ప్రతి పథ్యమునకు దీనినే ప్రమాణముగా చూపువారు ఈ సంగతి దాటవేయుచున్నారు.