చేయి తిరిగినవాళ్ల బొమ్మలు

‘జపాన్ వాళ్ల యానిమే చూశానన్నా, నాకెక్కలేదు’ అనేవాళ్లను ఏం చూశారో అడిగి చూడండి. చాలామంది చెప్పే కథ ఒకటే. లారీ గుద్ది చచ్చిపోయిన కుర్రాడు ఇంకో లోకంలో పుడతాడు. పుట్టీ పుట్టగానే వాడికి లేని శక్తి ఉండదు. చుట్టూ అమ్మాయిలు చేరతారు, గాల్లో వీడియో గేము లెక్కలు తేలుతుంటాయి. హైదరాబాద్ పాతబస్తీ ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికల దుకాణం వాళ్ల కుర్రాడొకడు ఇలాంటిదే రెండు మూడు ఎపిసోడ్లు చూసి ఫోన్ పక్కన పడేశాడు. ‘ఏముంది భాయ్ అందులో, అన్నీ ఒకే మొహాలు’ అన్నాడు. తప్పు వాడిది కాదు, వాడికి ముందుగా దాన్ని చూపించిన దోస్తులది.

ఎందుకంటే ఆ కుర్రాడి తాత కాతిబ్, అంటే అక్షరాలు అందంగా రాసే లేఖకుడు. ఉర్దూ పత్రికల్ని ఇంకా చేత్తోనే రాస్తున్న కాలంలో ఖలం పట్టినవాడు. కంప్యూటర్ వచ్చి ఛత్తా బజార్‌లో ఆ పని దాదాపు ఊడ్చేసింది. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి చూపించాల్సింది ‘బారకమోన్’. 2014లో వచ్చింది, 12 ఎపిసోడ్లే, దర్శకుడు మసాకి తచిబానా. అందులో హీరో హందా యువ లేఖకుడు, పేరున్న లేఖకుడి కొడుకు. కర్ర పట్టుకుని నడిచే ముసలి క్యూరేటర్ ఒకాయన, నీ రాత పాఠ్యపుస్తకంలా ఉంది తప్ప అందులో నువ్వెక్కడున్నావని అడుగుతాడు. హందా కోపం ఆపుకోలేక ఆయన్ని కొడతాడు. తండ్రి అతన్ని నాగసాకి వైపు గొతో దీవులకు పంపేస్తాడు. అక్కడ నారు అనే చిన్నపిల్ల, గోడెక్కితే తప్ప ఏమీ కనపడదని అతన్ని పట్టుబట్టి సముద్రపు గోడ ఎక్కిస్తుంది. ఆ సాయంత్రపు వెలుగు చూసి వచ్చి అతను రాత్రంతా రాస్తాడు. ఒళ్లంతా సిరా, నేలంతా సిరా. కుంచె కాగితం మీద పడే బరువు, తిరిగే మణికట్టు, అలసిపోయిన భుజం అన్నీ మనకు కనిపిస్తాయి. నారుకు గొంతిచ్చింది కూడా, గొంతు సన్నం చేసుకున్న పెద్దావిడ కాదు, సుజుకో హరా అనే నిజమైన చిన్నపిల్ల. ఆ గొంతులో ఉన్న అల్లరి నటిస్తే వచ్చేది కాదు.

యానిమేలో చూడాల్సింది ఈ చేతి పనినే. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. టీవీ యానిమేలో ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు. అంటే సెకనుకు 12 బొమ్మలో, 8 బొమ్మలో. 1963లో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ని టీవీకి తీసినప్పుడు డబ్బూ టైమూ చాలక ఈ దారి పట్టాడంటారు. పేదరికంలో పుట్టిన ఆ పద్ధతే తర్వాత కళయింది. కదలికలో కీలకమైన భంగిమలు గీసే పనిని గెంగా అంటారు, వాటి మధ్య బొమ్మలు నింపే పనిని దోగా అంటారు. అందరి గీతలూ ఒకే చేతి గీతల్లా ఉండేలా మొహాలూ వేళ్లూ దిద్దే పెద్దమేస్త్రి సకుగా కంతోకు. ఏ బొమ్మను ఎంతసేపు నిలపాలి, ఎక్కడ ఒక్కసారిగా వదలాలి అన్నదాంట్లోనే పనితనమంతా ఉంది.

ఆ పనితనం ఎంత దూరం పోతుందో చెప్తాను. జిబ్లీ స్టూడియో దర్శకుడు మియజాకి 2013లో తీసిన ‘ది విండ్ రైజెస్’లో భూకంపం తర్వాత జనం తోసుకుంటూ పోయే షాట్ ఉంది, నాలుగు సెకన్లది. దాన్ని ఎయిజి యమమోరి ఒక ఏడాది మూడు నెలలు గీశాడు. గుంపులో ప్రతి మనిషికీ తన మూట, తన తొందర, తన నడక ఉన్నాయి. ఇక ఇచిరో ఇటానో 1982 నాటి ‘మాక్రాస్’లో క్షిపణుల్ని పొగ తోకలతో వంకర్లు తిప్పించిన తీరుకు ‘ఇటానో సర్కస్’ అన్న పేరే స్థిరపడింది. యుతాకా నకమురా గీసిన ఫైటులో రాళ్లు పగిలితే ముక్కలు ఘనాకారంలో ఎగురుతాయి. టైటిల్స్ చూడకుండానే అభిమానులు అది ఎవరి చెయ్యో పట్టేస్తారు. అన్నీ ఒకే మొహాలన్నవాడికి ఇవి చూపించాలి.

బారకమోన్ అయ్యాక ఆలస్యం చేయకుండా ‘షోవా గెన్‌రోకు రకుగో షింజూ’ మొదలుపెట్టించండి. 2016లో మొదటి భాగం, 2017లో రెండోది. నా మాటగా రాసుకోండి, గత ఇరవై ఏళ్ల టీవీ యానిమేలో దీన్ని మించింది లేదు. రకుగో అంటే ఒక్కడే మెత్త మీద మోకాళ్లు మడిచి కూర్చుని, చేతిలో విసనకర్రా చిన్న తువాలూ తప్ప ఏమీ లేకుండా కథంతా నడిపించడం. మన హరికథా దాసు నిలబడి ఆడిపాడితే, ఇతను కూర్చున్న చోటి నుంచి కదలడు. మొహం ఇటు తిప్పితే యజమాని, అటు తిప్పితే దొంగ. విసనకర్రే పొగ తాగే గొట్టం, అదే చాప్‌స్టిక్స్. కూర్చున్న మనిషిని కదిలించకుండా ప్రేక్షకుణ్ని కట్టిపడేయడం యానిమేటర్‌కు ఫైటు గీయడం కంటే కష్టం. దర్శకుడు మమోరు హతకెయామా బృందం ఆ కష్టాన్ని ఎలా మోసిందో చూడండి: పాత్ర మారగానే మెడ వంగే తీరు మారుతుంది, భుజాల బరువు మారుతుంది, ఆడమనిషి మాట్లాడుతుంటే వేళ్లు దగ్గరకు చేరతాయి. హీరో యాకుమో ‘షినిగామి’ అనే కథ చెప్పి, చివర కొవ్వొత్తి ఆరినట్టు ముందుకు వాలిపోయే చోట ఊపిరి బిగబట్టనివాణ్ని నేను చూడలేదు. యాకుమోకు యవ్వనం నుంచి ముసలితనం దాకా గొంతిచ్చింది అకిరా ఇషిదా ఒక్కడే. అందుకే దీన్ని జపనీస్ గొంతులతో, కింద సబ్‌టైటిల్స్‌తో చూడాలి. మొదటి ఎపిసోడే దాదాపు ముప్పావు గంట ఉంటుంది. మధ్యలో ఆపకూడదు.

తర్వాత ‘ముషిషి’, ‘ఫ్రీరెన్’ ఏ వరసలో చూసినా ఫర్వాలేదు. కొట్లాటలు కావాలంటే 64 ఎపిసోడ్ల ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్’ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టాలంటే యుగో సాకో, మన రామ్ మోహన్ కలిసి పనిచేసిన 1992 నాటి రామాయణం చూపించండి. 2025 జనవరిలో తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది. అదంతా చేత్తో గీసిందే.

ఇంత పని జరిగే చోటే ఎంత చెత్త పేరుకుపోతోందో చూస్తుంటే ఒళ్లు మండుతుంది. ఆ లారీ కథలు సీజన్ సీజన్‌కీ అచ్చు గుద్దినట్టు దిగుతున్నాయి. దోగా గీసేవాళ్లకు బొమ్మకు సుమారు 200 యెన్లు, అంటే నూరు రూపాయల చిల్లర, వస్తే గొప్ప. ఆ చేతుల్ని నలిపేసి మిగిల్చుకున్న డబ్బు ఎవరి జేబులోకి పోతోంది? ఆ చేతుల విలువేంటో 2019లో తెలిసింది. ఆ ఏడు జులై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకు ఒక దుర్మార్గుడు నిప్పు పెడితే 36 మంది పోయారు. అందులో యోషిజి కిగామి ఒకడు. ‘అకిరా’ సినిమాకు గీసినవాడు, ఒక తరానికి తరాన్ని తయారుచేసిన గురువు. అలాంటి చెయ్యి పోతే మళ్లీ రావడానికి ముప్పై ఏళ్లు పడుతుంది.

మరి మనం ఏం చేశాం? 2025 మార్చిలో దేశమంతా తన ఫొటోల్ని ఏఐకి అప్పజెప్పి ‘జిబ్లీ బొమ్మలు’ చేసుకుని మురిసిపోయింది. చార్మినార్ ముందు దిగిన సెల్ఫీల్నీ వదల్లేదు. మియజాకి గీతల్ని ఆయన్నే అడక్కుండా నమిలి ఉమ్మితే వచ్చిన బొమ్మలవి. 2016లో జపాన్ టీవీ ఎన్‌హెచ్‌కేలో ప్రసారమైన డాక్యుమెంటరీలో, కంప్యూటర్ దానంతటదే కదిలించిన బొమ్మను చూపించినవాళ్ల మొహం మీదే ఇది ప్రాణానికి అవమానమని ఆయన అన్నాడు. అంత చెప్పాక కూడా ఆయన పేరుతోనే ఈ పని చేశారు. ఖలం పోయి కంప్యూటర్ ఖతులు వచ్చినప్పుడు ఏం పోగొట్టుకున్నామో తెలిసిన పాతబస్తీ వాళ్లయినా ఈ నకిలీని నెత్తిన పెట్టుకోకూడదు.

డబ్బింగ్ చేయించేవాళ్లకు కూడా ఒక మాట. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ 2025 సెప్టెంబర్‌లో తెలుగులో దిగింది, సంతోషం. అరుపులూ కత్తులే కాక, రకుగో షింజూకు కూడా మంచి తెలుగు గొంతులు వెతకండి. జపనీస్‌లోనే చూడమన్న నేనే ఈ మాట అంటున్నాను, ఎందుకంటే షేక్ నాజర్ బుర్రకథ చెప్పిన భాష మనది. స్టూడియోలో పిల్ల గొంతుకు ఒకర్ని, ముసలి గొంతుకు ఒకర్ని పెట్టి ముక్కలు అతికించకండి. హరికథలు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లండి. పది పాత్రల్ని ఒక్క గొంతులో పలికించగలవాళ్లు ఈ రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా ఉన్నారు, వాళ్లకు పిలుపులే తగ్గిపోయాయి.