ఎవరి ఊపిరిలో ఎంత పొగ?

పాడేరు కొండల్లో డిసెంబరు వచ్చిందంటే పొయ్యి వంట అయ్యాక కూడా ఆరదు. చోడి అంబలి దించేసినా కట్టెల్లో నిప్పు ఉంటుంది, చలికి ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. పొయ్యి పైన అటక మీద మొక్కజొన్న కంకులు, విత్తనాలు. గాలి కొలిచే పంపు పట్టుకుని నేను వెళ్లిన ఒక ఇంట్లో పెద్దావిడ అడిగింది: "పొగ ఆపేస్తే ఇత్తనాలు పురుగట్టెయ్యవా బాబూ?" నా పీహెచ్‌డీ థీసిస్‌లో ఆ ప్రశ్నకు చోటు లేదు. ఉండాల్సింది.

నేను చదివింది ఎక్స్‌పోజర్ సైన్స్. ఈ మనిషి ముక్కులోకి ఈ ఒక్కరోజు ఎంత చేరింది అన్నదే అందులో ప్రశ్న. అందుకే పంపు నడుముకు కడతాం, ఫిల్టరు భుజం దగ్గర తగిలిస్తాం. ఫిల్టరును ముందూ తర్వాతా తూచి, పెరిగిన బరువును లాగిన గాలి పరిమాణంతో భాగిస్తాం. లెక్క ఇంతే. ఆ మనిషి ఏ వేళ ఎక్కడున్నదీ రాసుకోవడమే కష్టం. గడియారంతో పనిలేని ఇంట్లో కోడి కూత, సంతకు బయల్దేరడం, పశువులు ఇంటికి మళ్లడం పట్టుకుని గంటలు లెక్కగట్టాలి.

చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ నుంచి కల్పనా బాలకృష్ణన్ బృందం నిజామాబాద్, రంగారెడ్డి, వరంగల్ జిల్లాల్లో 412 ఇళ్లలో గాలి కొలిచి 2004లో ప్రచురించింది. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని ధూళి 24 గంటల సగటున గ్యాసు ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 దాకా పోయింది. వంట చేసే ఆడవాళ్లకే అందరికన్నా ఎక్కువ పొగ అందింది. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం మరో సంగతి: మగవాళ్లలో ఎక్కువ పీల్చింది 65 నుంచి 80 ఏళ్ల వాళ్లు. వాళ్లు వంట చేయరు. ఇంట్లోనే ఉంటారు, అంతే.

ఆ అంకెలు మైదానానివి. రాత్రంతా నిప్పు పక్కనే పడుకునే కొండ ఇంటికి వాటిని అంటగట్టడం తప్పు. ఇక్కడి చంటిపిల్లకూ తాతకూ ఎంత చేరుతోందో ఇక్కడే, చలికాలంలోనే కొలవాలి.

పాడేరుకు ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అందులో చదివే పిల్లల్లారా, ఒక్క చలికాలం ఈ పొయ్యిల దగ్గర కూర్చోండి. పంపు తీసే ముందు విత్తనాల సంగతి అడగండి.