గాజు సీసాలో నల్లరేగడి

భోగికి ఇల్లు దులిపితే అటక మీంచి ముందు దిగేవి గాజు సీసాలే. ఊరగాయవి, కాఫీపొడివి, హార్లిక్సువి. చిరిగిన చాపలు, అరిగిన చీపుళ్ళు మంటలో పడతాయి. గాజు కాలదు, కుళ్ళదు. తమిళనాట మన విళాత్తికుళం తెలుగిళ్ళకు పొంగల్ సెలవుల్లో పిల్లలు చేరతారు గదా, ఆ సీసాలు వాళ్ళ చేతికిమ్మని ఈ వారం అడుగుతున్నాను.

వేడినీళ్ళలో నానబెడితే పైకాగితం ఊడుతుంది. మిగిలిన జిగురును కొబ్బరినూనె, వంటసోడా కలిపి రుద్దాలి. అంచు పగిలిన సీసా వద్దు. లోపల ఏం నింపాలన్న దగ్గరే నా పట్టుదల. తళుకు కాగితాలూ ప్లాస్టిక్ పూలూ కొనకండి. మనది వాన మీద బతికే నల్లరేగడి. అడుగున ఎండిన మట్టి, ఆ పైన జొన్న, సజ్జ, మినుము, ధనియాలు, పోయినేటి గుండుమిరప, మూతి దగ్గర గుప్పెడు పత్తి. ఏ పొర ఎంత మందమో పిల్లలే తేల్చుకుంటారు. వంకరగా వచ్చినా పెద్దవాళ్ళు సర్దకూడదు.

నాకు అన్నిటికన్నా ఇష్టం మొలకల సీసా. ఇక్కడి అమ్మవారి జాతరలకు ఆడవాళ్ళు ముళైప్పారి ఎత్తుతారు. కుండల్లో నవధాన్యాలు చల్లి, వెలుతురు తగలని గదిలో పెంచి, ఆ లేతపసుపు మొలకలను తలమీద మోసి ఊరేగించి, నీళ్ళలో కలుపుతారు. మన పెళ్ళిళ్ళ పాలికలకు అది దగ్గరి చుట్టం. కుండలో గింజ ఏం చేస్తోందో బయటికి తెలియదు. గాజులో తెలుస్తుంది. వేరు ముందు కిందికి దిగుతుంది, తర్వాతే మొలక తలెత్తుతుంది. అది చూసిన ఒక పాప "అవ్వా, ఇది కిందికి పోతా ఉంది!" అని వంటింట్లోకి పరిగెత్తింది. పండుగకు వారం ముందు గింజలు నానబెడితే చాలు.

ఈ నేల మీద పిల్లల చేతిపని అంటే అగ్గిపెట్టెలు గుర్తు రాక మానవు. 1920లలో శివకాశిలో మొదలైన అగ్గిపుల్లల పరిశ్రమ సాత్తూరు, కోవిల్‌పట్టి దాకా పాకింది. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో కూలి కోసం పిల్లలు చట్రాల్లో పుల్లలు పేర్చారు, ఇళ్ళలో కూర్చుని పెట్టెలు అతికించారు. 1986 నాటి బాలకార్మిక చట్టం ఆ పరిశ్రమలో పిల్లల్ని పెట్టుకోకూడదంది. ఇవాళ మనుమలకు జిగురు గిన్నె అందించే అవ్వల్లో ఆ పని చేస్తూ పెరిగినవాళ్ళు ఉన్నారు. అందుకే ఈ సీసాల పనిలో లెక్కలు రాకూడదు. ఇన్ని చేయాలనకండి, పోటీలు పెట్టకండి. ఒక పిల్లవాడు పొద్దంతా ఒకే సీసాతో కూర్చుంటే కూర్చోనివ్వండి.

తయారైన సీసాలు పెట్టడానికి అందరిళ్ళలో భోజనాల బల్ల ఉండకపోవచ్చు, ముగ్గు ఉంటుంది. దాని నడుమ పెట్టండి, పొంగలి కుండకు కాస్త ఎడంగా. గుమ్మానికి కాపు కట్టగా మిగిలిన వేపరెమ్మ, తంగేడు కొమ్మ ఇంకో సీసాలో నిలపండి. తెలంగాణలో బతుకమ్మను పేర్చే తంగేడే ఇది. వచ్చిన చుట్టాలకు ఏది ఎవరు చేశారో పేరు పెట్టి చెప్పండి.

మాట్టుప్పొంగల్‌నాడు మొలకలను పిల్లలే ఆవుకు పెట్టాలి. మిరప, ధనియాలు వంటింటికి, మట్టి చేనికి. సీసాలు కడిగి, ఎవరివి వాళ్ళకే ఇవ్వండి.