గేయనాటక పాత్రలు – అభిమానుల చిత్రములు

పాశ్చాత్య దేశములందు పాటయే ప్రాణముగా నడచు గేయనాటకములను చూచి మురిసినవారు, అందలి పాత్రలను తామే బొమ్మలుగా గీసి పదిమందికి చూపుట నేడు పెద్ద వేడుకయైనది. వీరిలో చిత్రకళను నేర్చినవారు కొందరు, బడిపిల్లలు పెక్కురు. చాలమందికి పారితోషికము లేదు. అభిమానమే వారిచేత గీయించుచున్నది. మా యింటి పిల్లలు చూపగా నేనిట్టి బొమ్మలను వందలకొలది చూచితిని. వీనిని పిల్లల యాటయని త్రోసివేయుట తగదు. ఒక పాత్రను జనులెట్లు గ్రహించిరో విమర్శకుని వ్యాసముకంటె ఈ బొమ్మలే తేటగా చెప్పును. అయితే వీనిలో ఒక లోపము మాటిమాటికి కానవచ్చుచున్నది. తాను ప్రేమించిన పాత్రలోని మచ్చను అభిమాని సహింపలేడు; దానిని దిద్దివేయును.

'ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' అను నాటకమును తీసికొందము. ఆండ్రూ లాయిడ్ వెబర్ సంగీతము కూర్చిన ఈ నాటకము 1986లో లండనులో మొదట ఆడబడినది. 2025 మార్చిలో మన ముంబయికిని వచ్చినది గనుక ఈ సంచికను చదువువారిలో దానిని చూచినవారును ఉండవచ్చును. పారిసు నాటకశాల అడుగున చీకటిలో దాగి, క్రిస్టీన్ అను గాయనికి సంగీతము నేర్పు ఒక వికృతరూపుని కథ యిది. మూలము గాస్టన్ లెరూ వ్రాసిన నవల. 1910లో పుస్తకముగా వెలువడినది. నవలలో అతని ముఖము పుఱ్ఱెవలె నుండును. ముక్కు ఉన్నదో లేదో తెలియదు. ముసుగు ముఖమంతయు కప్పును. రంగముమీద అట్లు కప్పినచో నటుని పాటకును, ముఖభావమునకును అడ్డమని తలచి సగము ముసుగే తొడిగిరి. నటుని సౌకర్యమునకై చేసిన ఏర్పాటు ఇది.

అభిమానుల చేతిలో ఈ ఏర్పాటు పాత్ర స్వభావమునే మార్చివేసినది. ముసుగు లేని సగమును వారు మన్మథుని ముఖముగా గీయుదురు. నున్నగా దువ్విన జుట్టు, తీర్చిన కనుబొమ, నల్లని అంగీ. తెల్లని ముసుగు నగవలె మెఱయుచుండును. ముసుగు తీసిన బొమ్మలలోనైనను చెంపమీద ఒక ఎఱ్ఱని గీత దప్ప మరేమియు ఉండదు. 2004లో వచ్చిన చలనచిత్రము ఈ దారిని ముందే చూపినది. ఫలితమేమి? నాటకాంతమున క్రిస్టీన్ అతనిని ముద్దాడును. కన్నతల్లియే చూడనోపక ముసుగు కప్పిన ముఖమది. జన్మమున ఎవరును తాకనిది. ఆ స్పర్శతోనే అతని క్రౌర్యము కరగిపోవును, బందీగా పట్టిన ప్రియుని విడిచిపుచ్చును. ముఖము అందమైనదే యైనచో ఆ ముద్దులో కరుణ యేమున్నది? కథకు ఆధారమైన స్తంభమునే అభిమాని ప్రేమతో పడగొట్టుచున్నాడు. నవలను చదివి, ఆ పుఱ్ఱె ముఖమునే జంకులేక గీసినవారును కొందరున్నారు. అవి గోడకు తగిలించుకొను బొమ్మలు కావు. కాని వానిని చూచునప్పుడు క్రిస్టీన్ ధైర్యమెంతటిదో తెలియును.

'హామిల్టన్' (2015) విషయము వేరు. అలెగ్జాండర్ హామిల్టన్ ముఖము అమెరికా పది డాలర్ల నోటుమీద నేటికిని ఉన్నది. అయినను అభిమానులు గీయునది ఆ ముఖము కాదు. నాటకమును రచించి తానే ఆ వేషము కట్టిన లిన్ మాన్యుయెల్ మిరాండా ముఖము. మనకిది క్రొత్త కాదు. 'మాయాబజార్' (1957) తరువాత ఎందరో తెలుగువారి మనసున కృష్ణుడు ఎన్.టి. రామారావు గారి ముఖముతోనే నిలిచిపోలేదా? నకలును అసలుతో సరిచూచుటయే బ్రతుకుతెరువుగా గడిపిన నావంటివాడు దీనిని తప్పనవలెను గాని, ఇక్కడ అనలేను. తెల్లవారి చరిత్రను నల్లవారును, ఇతర జాతులవారును ఆడవలెననుటయే ఆ నాటకపు సంకల్పము. నటుని ముఖమును గీసినవాడు నాటకమునే గీసినాడు. థామస్ జెఫర్సన్ బొమ్మలయందు మాత్రమే నాకు పేచీ. ఆయన బానిసల యజమాని. ఆ వేషమును నల్లజాతి రక్తముగల డేవీడ్ డిగ్స్ ధరించుటలో పదునైన వ్యంగ్యమున్నది. బొమ్మలలోనో, ఊదారంగు మఖమలు కోటు తొడిగిన కొంటె నవ్వులవాడే మిగులుచున్నాడు. బానిసల మాట ఎత్తిన బొమ్మలు నా కంటబడినవి మిక్కిలి తక్కువ.

నటుడే కంటికి కానరానప్పుడు అభిమాని చేయి ఎట్లుండును? హోర్హె రివేరా హెర్రాన్స్ కూర్చిన 'ఎపిక్' రంగస్థల ప్రదర్శనగా గాక, 2022 డిసెంబరు మొదలు 2024 డిసెంబరు వరకు పాటల సంపుటములుగా వెలువడినది. గ్రీకు వీరుడు ఒడిస్యూస్ కథ. వేషము లేదు, తెర లేదు; వినబడునది గొంతు మాత్రమే. కనుక ఒక్కొక్కరి ఒడిస్యూస్ ఒక్కొక్క రూపమున నున్నాడు. ట్రాయ్ పట్టణమున శత్రువు పసిబిడ్డను చేతబట్టి, చంపక తప్పదని కుములు ఘట్టమును వారు గీసిన తీరు నన్ను కలచినది. ఆ చేతులు వణకుచున్నట్లే యుండును. వీరిలో పెక్కురు పాతకమును దాచలేదు. కాపాడవలసిన అందమైన నటుని ముఖము ఎదుట లేకపోవుటయే కారణమని తోచును.

'వికెడ్' విషయమున కలహమే పుట్టినది. పచ్చని చర్మముతో పుట్టినందున అందరు వెలివేసిన ఎల్ఫాబా దాని నాయిక. 2003 నాటి నాటక ప్రకటనలో ఆమె టోపీ అంచు కన్నులను కప్పియుండును, ఎఱ్ఱని పెదవిపై చిఱునవ్వు. అది చేతితో గీసిన బొమ్మ; ఏ నటి ముఖమును కాదు. 2024లో చలనచిత్రపు ప్రకటనలో సింథియా ఎరీవో కన్నులు కనబడుచు మనవైపే చూచుచుండెను. ఇది పాతదానివలె లేదని అభిమానులు ఆ ఛాయాచిత్రమునే దిద్ది, టోపీని క్రిందికి దింపి, పెదవికి ఎఱుపు పూసిరి. తనను తుడిచివేసినట్లయినదని ఆమె అక్టోబరులో బహిరంగముగా నొచ్చుకొనెను. అభిమానుల యుద్దేశము మంచిదే. తొలి నాటకమునకు నమస్కారము పెట్టదలచిరి. అయినను నేను నటివైపే మాటాడుదును. లోకము తన ముఖమునుండి చూపు త్రిప్పుకొనగా, లోకమును సూటిగా చూడ నేర్చినది ఎల్ఫాబా. వారు కప్పినది ఆ కన్నులనే.