పిలుపు అందినది, గది ఏది?

అమెరికాలో ఆపదలో నున్నవారు 911 సంఖ్యకు ఫోను చేయుదురు. ఆరుబయట నుండి పిలిచినచో వారి చోటు కనుగొనుట అంత కష్టము కాదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న జి.పి.యస్. ఉపగ్రహముల సంకేతములు ఫోనుకు అందును. కాని అవి మిక్కిలి బలహీనములు. కాంక్రీటు కప్పుల క్రింద సన్నగిల్లిపోవును.

సెల్ సంకేతము అందని గదిలో వై-ఫై కాలింగ్ ఆదుకొనును. ఇందు మాట ఇంటర్నెట్టు మార్గమున పోవును. ఈ సౌకర్యము కోరినప్పుడే కంపెనీలు వాడుకదారుని చిరునామాను వ్రాయించుకొనును. ఇది మంచి ఉపాయమే. అయితే వాడుకదారు ఇల్లు మారి, చిరునామా మార్చుట మరచినచో సహాయము పాత వాకిటికి చేరవచ్చును.

ఇక ఎత్తు మాట. పిలుపులలో 80 శాతమునకు ఎత్తును 3 మీటర్ల లోపు తేడాతో తెలుపవలెనని అచ్చటి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2019లో నియమించినది. ఇందుకు ఫోనులోని భారమితి సాధనము. భూమికి దగ్గరగా ఒక మీటరు పైకి పోయినచో గాలి పీడనము సుమారు 12 పాస్కల్‌లు తగ్గును. మూడు మీటర్లకు 36. వాతావరణము మారినచో ఒక్క దినములోనే పీడనము ఇంతకు పలు రెట్లు మారవచ్చును. కావున సమీప కేంద్రములోని కొలతతో పోల్చి సరిదిద్దుట తప్పదు.

ఈ నియమము లేనిదానికన్న మేలనుట నిజము. కాని ఒక అంతస్తు ఎత్తు కూడ సుమారు 3 మీటర్లే గదా! అయిదవ అంతస్తులోని రోగి నాలుగవదానిలోనో ఆరవదానిలోనో ఉన్నట్లు తోచినను నియమము నెరవేరినట్లే. పైగా అయిదు పిలుపులలో ఒకటి ఈ మాత్రపు హద్దుకు కూడ లోబడనక్కరలేదు. అగ్నిమాపక భటునికి కావలసినది మీటర్లు కాదు, తలుపు సంఖ్య.

వై-ఫై పరికరములను చిరునామాలతో జతపరచు జాతీయ పట్టికను పెద్ద టెలిఫోను కంపెనీలు తలపెట్టి, 2020లో విరమించుకొన్నవి. సరియైన త్రోవ అదియే, విడిచిపెట్టుట విచారకరము.

భారమితి గల ఫోనుతో విద్యార్థులు పాఠశాల మేడమెట్లు ఎక్కి ఈ లెక్కను సరిచూడవచ్చును. అంకె మారుట కనబడును. ఎదుట నున్న తలుపు ఎవరిదో మాత్రము అది చెప్పదు.